మీకు తెలుసా? మన పెరట్లోనే సూరేకారం బట్టీ

● సెప్టిక్ ట్యాంకులో ఉన్నంతసేపూ ఆ నీళ్లలో నైట్రేట్ దాదాపు ఉండదు. గాలి ఆడదు కాబట్టి మూత్రంలోని యూరియా అమ్మోనియం దగ్గరే ఆగిపోతుంది. నైట్రేట్ పుట్టేది ఆ నీళ్లు వరల ఇంకుడు గుంతలోకి చేరి, చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకాక. గాలి ఆడే మట్టిలో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. రోగకారక క్రిములను వడకట్టి మేలుచేసే మట్టే ఈ పనీ చేస్తుంది!

● ఈ విద్య పాతదే. మన పెద్దలు సూరేకారం, పెట్లుప్పు అన్నది పొటాషియం నైట్రేట్‌నే. బిహార్‌లో నునియాలు పశువుల మూత్రం ఇంకిన మట్టిని గోకి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను మరగకాచి సూరేకారం తీసేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ దాన్ని తుపాకిమందు కోసం ఓడలకెత్తింది. మన ఇంట్లో మట్టిని కడిగే పని వాన చేస్తుంది, ఆ నీళ్లు బోరు తోడుతుంది.

● బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న అమ్మోనియం వాటిని పట్టుకుని ఉండిపోతుంది. నైట్రేట్‌దీ రుణావేశమే కనుక మట్టికి అంటదు, నీళ్లతో పాటే కిందికి దిగుతుంది.

● గుంత తవ్విన మేస్త్రీ "ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తోంది సార్" అంటే మనకు సంబరం. ఇసుక నేల, మొరం నేల అలాగే తాగుతాయి. కానీ నైట్రేట్‌కు అంతకన్నా మంచి దారి లేదు. దాన్ని వదిలించేది మనం ఈసడించే నేల. తడారకుండా, ఆకు కుళ్లుతూ, గాలి ఆడని చోట మరో రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, నైట్రోజన్‌ను వాయువుగా వదిలేస్తాయి.

కెనడాలోని ఒంటారియోలో రాబర్ట్‌సన్, చెర్రీ, సుడికీ అనే శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ చూశారు. 1991లో వచ్చిన వాళ్ల పరిశోధనలో, కేంబ్రిడ్జ్ ఊళ్లో ఇసుక నేల మీద ఒకే ఒక ఇంటి సెప్టిక్ నీరు భూగర్భంలో 130 మీటర్లకు పైగా సన్నటి పాయలా సాగింది. పెద్దగా పలచబడలేదు, వెడల్పు 10 మీటర్లే. మస్కోకా దగ్గర ఇంకో ఇంటి నీరు మాత్రం నదిలో కలిసే ముందు చివరి 2 మీటర్లలో, నది అడుగున పేరుకున్న సేంద్రియ మట్టి తగలగానే, నైట్రేట్‌ను దాదాపు పూర్తిగా వదిలేసింది.

● సెప్టిక్ వ్యవస్థలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2470. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ కనీసం 18 మీటర్ల ఎడం ఉండాలంటుంది. మా 200 గజాల ఇంట్లో నేను తాడు పట్టి కొలిస్తే 11 అడుగులొచ్చింది. 18 మీటర్లు పాటించాలంటే పక్కింటివాళ్ల హాల్లో బోరు వేయాలి. పోనీ పాటించినా, ఆ దూరం ఆపేది ముఖ్యంగా క్రిములను. 130 మీటర్లు నడిచే నైట్రేట్‌కు అదేం లెక్క?

● ఒక లెక్క వేసి చూడండి. మనిషి ఏడాదికి విసర్జించే నైట్రోజన్ సుమారు 4 కిలోలు, ఎక్కువ భాగం మూత్రంలోనే. నలుగురికి 16 కిలోలు. అంతా నైట్రేట్ అయితే 70 కిలోల పైమాటే. మనిషికి రోజుకు 100 లీటర్ల వాడుక నీళ్లు, పైగా ఆ స్థలంలో ఇంకే వాన 15 వేల లీటర్లు అనుకుంటే, ఏడాదికి లక్షా 61 వేల లీటర్లు. లీటరుకు 440 మిల్లీగ్రాములు! ముప్పాతిక వంతు గాలిలోకీ, మడ్డిలోకీ, పెరటి అరటిచెట్టుకీ పోయిందనుకున్నా 110 మిగులుతుంది. మన తాగునీటి ప్రమాణం 45.

● దేశంలో కొన్నిచోట్లైనా 45 దాటిన జిల్లాలు తక్కువేం కాదు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం 440. అందులో ఎరువుల వాటా పెద్దది. ఏది ఎవరి వాటా అని తేల్చడానికి నైట్రోజన్-15 ఐసోటోపు చూస్తారు. గాలి నైట్రోజన్‌తో చేసిన ఎరువుల కన్నా విసర్జితాల్లో అది ఎక్కువ. అయితే పేడకూ మనిషికీ తేడా దానికి తెలియదు. అప్పుడు సుక్రలోజ్ కోసం వెతుకుతారు. చక్కెర బదులు వాడే ఈ తీపి మన ఒంట్లో పెద్దగా అరగదు, నేలలోనూ చాలాకాలం ఉంటుంది. గేదెలు షుగర్‌ఫ్రీ తినవు కదా!

● బావినీళ్లలోని నైట్రేట్‌కూ, పసికందులు నీలంగా మారడానికీ ఉన్న సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కోమ్లీ అనే వైద్యుడు బయటపెట్టాడు. ఆ నీళ్లతో పాలు కలిపి పట్టిన శిశువుల రక్తం ఆక్సిజన్ మోయలేకపోయింది.

● నీళ్లు కాచితే నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నునియాలు చేసిందీ అదే. క్యాండిల్ ఫిల్టరు, క్లోరిన్ దాన్ని తాకవు. ఆర్వో చాలావరకు తీసేస్తుంది, తీసినదాన్ని వృథా నీళ్ల గొట్టంలోకి వదులుతుంది. మా ఇంట్లో ఆ గొట్టం సింకులో ఉంది, సింకు నీళ్లు వెళ్లేది వరల గుంతలోకే.