తడిమీద నిలుచు జిగురు

వర్షాకాలమున నెమ్మెక్కిన గోడమీద కాగితము అంటింపజూచినవారికి ఒక సంగతి అనుభవమే. జిగురు ఎంత మంచిదైనను, దానికిని గోడకును నడుమ పలుచని నీటిపొర ఉన్నంతవరకు పట్టు దొరకదు. బడిపిల్లలకు ఇది చిన్న చిక్కు, శస్త్రవైద్యునకు ప్రాణసంకటము. శరీరములోపల తడిలేని తావు లేదు. గుండెకు గాయమైనపుడు రక్తము ఊరుచునే ఉండును. గుండె కొట్టుకొనుట ఆగదు. కుట్లు వేయవచ్చును గాని, ప్రతి కుట్టును మరి రెండు రంధ్రములే గదా!

కుట్టు అక్కరలేని అతుకుకై వైద్యులు చిరకాలముగా వెదకుచున్నారు. రక్తమును గడ్డకట్టించు ఫైబ్రిన్‌తో చేసిన జిగురు శరీరమునకు హితమైనదే. కాని పట్టు చాలదు. సైనోయాక్రిలేట్ జాతి జిగురు చర్మముపై బాగుగా పట్టును. కాని ఆరిన పిదప బిరుసెక్కును. నిరంతరము సాగుచు ముడుచుకొనుచు ఉండు అవయవమునకు బిరుసు పనికిరాదు.

గట్టిదనముతో తీరని చిక్కు మెత్తదనముతో తీరునా? ఇచ్చటనే హైడ్రోజెల్ అను పదార్థము మన ముందునకు వచ్చును. నీటిని తనలో పట్టియుంచు పాలిమరు వలయే హైడ్రోజెల్. చైనాగ్రాసుతో చేయు జెల్లీ ఆ కుటుంబములోనిదే. 1960లో ప్రేగ్ నగరపు రసాయనజ్ఞులు ఓటో విఖ్టెర్లె, ద్రాహోస్లావ్ లీమ్‌లు ఇట్టి జెల్లులు శరీరమునకు ఉపయోగపడునని ప్రకటించిరి. కంటిలో పెట్టుకొను మెత్తని కటకములు ఆ కృషి ఫలమే. 1962లో జార్జి వింటర్ పందిపిల్లల చర్మమును పరీక్షించి, తేమ నిలిపిన గాయముపై కొత్తచర్మము, ఆరనిచ్చిన గాయముకంటె సుమారు రెండురెట్లు వేగముగా ఏర్పడునని చూపెను. జిగురునకు శత్రువైన తడి గాయమునకు మిత్రమన్నమాట!

కాని జెల్లీ ఊరకనే చిట్లును. 2012లో హార్వర్డు శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయము కనుగొనిరి. సముద్రపు నాచునుండి తీయు ఆల్జినేటుతో ఒక వల, పాలియాక్రిలమైడుతో మరియొక వల పెనవేసిరి. లాగినపుడు మొదటి వలలోని కాల్షియము ముడులు ఒక్కొక్కటిగా వీడి లాగుడుశక్తిని మ్రింగివేయును. రెండవ వల ఆకారమును నిలుపును. తొంబదిపాళ్లు నీరే అయినను, ఆ జెల్ తన పొడవునకు ఇరువది రెట్లకు మించి సాగెను.

ఇక పట్టు సంగతి. ఐరోపా తోటలలో పెంకులేని నత్త ఒకటి కలదు. పేరు ఆరియాన్ సబ్‌ఫస్కస్. భయపడినపుడు అది స్రవించు జిగట, తడి ఆకుమీదను నత్తను కదలనీయదు. ఆ మర్మము ననుసరించి 2017లో డేవిడ్ మూనీ బృందము పైని జెల్‌కు చిటోసాను వంటి పాలిమరును పూసెను. చిటోసానును రొయ్యల, పీతల పెంకులనుండి తీయుదురు. దాని ధనావేశము కణజాలపు ఋణావేశమును పట్టుకొనును. దాని గొలుసులు ఇటు జెల్‌లోనికిని అటు కణజాలములోనికిని చొచ్చుకొనును. రక్తము పూసిన పందిగుండెమీదను ఆ అతుకు నిలిచెను.

2019లో ఎం.ఐ.టి.లో షువాన్హే ఝావో బృందము మరియొక త్రోవ త్రొక్కెను. వారు చేసినది పొడి పట్టీ. తడి కణజాలముపై నొక్కగానే నడుమనున్న నీటిపొరను అది తానే త్రాగివేయును. ఐదు క్షణములలో పట్టు కుదురును. అడ్డుగా నిలిచిన నీరే జెల్‌కు ఆహారమైనది!

జంతువులయందు నెగ్గిన ప్రతి మందును మనుష్యునకు వెంటనే పనికిరాదు. అతుకు విషము కారాదు. గాయము మానువరకు నిలువవలెను. పని ముగిసిన పిదప కరగిపోవలెను, లేదా నొప్పిలేక ఊడిరావలెను. ఆ పరీక్షలే కఠినములు. అయినను, తోటమాలి ఏరి పారవేయు నత్త, వంటయింట పారవేయు రొయ్యపెంకు, ఒడ్డునకు కొట్టుకొనివచ్చు నాచు — ఈ మూడును ఒక గుండె గాయముచెంత కలిసికొన్నవి. తరగతిలో వీనిని చూపు ఉపాధ్యాయుడు ఈ కథను కూడ చెప్పవచ్చును.