పూడిన బావులు

బాన్సువాడలో పెరిగిన మాకు వేసవి సెలవుల్లో పెద్ద పండుగ నిజాంసాగర్ ప్రయాణమే. నాన్న, చిన్నాయన కుటుంబాలు రెండూ కలిసి తెల్లవారగానే బస్సెక్కేవి. సుమారు పాతిక కిలోమీటర్ల దారి. అమ్మ, చిన్నమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పొడి సద్ది కట్టేవారు. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున్న ఆనకట్ట మీద నడిచి, గోల్ బంగ్లా చూసి, తోటలో చెట్ల నీడన కూర్చునేవాళ్ళం. తాత ప్రార్థన చేసి రొట్టె విరిచి అందరికీ పంచేవాడు.

మంజీరా నదిపై ఈ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దీనిని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ను నేడు తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. ఎన్నో పల్లెలు ఇళ్ళూ పొలాలూ వదిలి వెళితేనే ఈ నీరు నిలిచింది. అందుకే తాత ప్రార్థనలో ఆ పల్లెలవారిని కూడా జ్ఞాపకం చేసేవాడు.

ఒక యాసంగిలో కాలువ నీళ్ళు తక్కువయ్యాయి. వంతు దగ్గర నాన్నకూ చిన్నాయనకూ మాట పెరిగింది. అప్పటికి తాత లేడు. రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఆరేళ్ళు నిజాంసాగర్ వెళ్ళలేదు. ఆదివారం ఒకే గుడిలో, చెరొక వైపు కూర్చునేవారు.

ఒకరాత్రి కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 26వ అధ్యాయం వచ్చింది. అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చివేస్తే, ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించాడు. తన పనివారు తవ్విన కొత్త బావుల కోసం గెరారు కాపరులు జగడమాడితే, విడిచిపెట్టి మరొకటి తవ్వించాడు. చదువుతూ చదువుతూ నాన్న ఆగిపోయారు. బైబిలు మూసి, టార్చిలైటు తీసుకొని చీకట్లో బయలుదేరారు. నేను వెనకే వెళ్ళాను.

చిన్నాయన వాకిట్లో నిలబడి, "తమ్ముడా, ఈ రాత్రి నా వంతు నీళ్ళు నీ మడికే కట్టుకో" అన్నారు.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, లోపలికి రా. రొట్టె తిని పో" అన్నాడు.

ఆ వేసవిలో మళ్ళీ రెండు కుటుంబాలూ ఒకే బస్సెక్కాయి.

నిజాంసాగర్ మొదట 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టేది. ఏటేటా వరదతో వచ్చిన ఒండ్రుమట్టి అడుగున పేరుకొని, 1970ల నాటికి అందులో సగం కూడా పట్టని స్థితి వచ్చింది. తర్వాత నీటిమట్టం పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు. ఆనకట్ట గోడ మాత్రం బయటికి ఎప్పటిలాగే కనబడింది. లోపల చోటే తగ్గిపోయింది.

ప్రియ పాఠకులారా, మన కుటుంబాలూ ఇంతే కదా! గుడికి వెళతాం, కీర్తనలు పాడతాం, గోడ నిలిచే ఉంటుంది. లోపల మాత్రం ఒక మాట, ఒక గట్టు తగాదా, ఒక పెళ్ళిపిలుపు మరచిపోవడం పేరుకుపోతుంటాయి. జలాశయంలో పూడిక తీయడం ప్రభుత్వానికే కష్టం. మన హృదయంలో పూడిక తీయడానికి ఒకరు ముందుగా వాకిట్లోకి నడిచివెళితే చాలు.

ఈ సెలవుల్లో మీ పిల్లలను ఏ నీటి ఒడ్డుకైనా తీసుకువెళ్ళండి. వెళ్ళేముందు, మీతో మాట్లాడని ఆ ఇంటి తలుపు తట్టి, వాళ్ళనూ పిలవండి. ఆ మొదటి అడుగు వేసే ధైర్యం ప్రభువు మనకు దయచేయును గాక!