మంచం పక్కన నిలబడేవాళ్ల మాట

ఆస్పత్రిలో చేరిన మనిషి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఎవరు? డాక్టరు గారు వస్తారు, చూస్తారు, మందు రాసి వెళతారు. మిగతా సమయమంతా చూసుకునేది నర్సు. సెలైన్ అయిపోయిందా, జ్వరం పెరిగిందా, కుట్ల దగ్గర రక్తం కారుతోందా అని చూసేది ఆమే. రాత్రి రెండు గంటలకు రోగికి ఊపిరి ఆడకపోతే ముందుగా పరుగెత్తేది కూడా ఆమే.

మరి వార్డులో పని ఎట్లా జరగాలో చెప్పేది ఎవరు? చాలా చోట్ల ఆమె కాదు. పైనుంచి కాగితం వస్తుంది. కిందివాళ్లు దాని ప్రకారం చెయ్యాలి. అంతే.

వంటింటి సంగతి చూడండి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ, ఇంటాయన మాట్లాడుకుని గూళ్లు పెడతారు. వంట చేసే మనిషిని అడగరు. తీరా చూస్తే గూడు చేతికి అందదు. ఉప్పు కావాలన్నా పీట ఎక్కాలి. ఆస్పత్రిలోనూ ఇంతే. మందుల బీరువాను వార్డుకు ఆ చివర పెడితే, నర్సు రోజంతా అటూ ఇటూ తిరగాలి. ఆమె అటు వెళ్లినంతసేపు రోగి దగ్గర మనిషి ఉండదు.

ఈ విషయం మీద అమెరికా దేశంలో చాలా ఆలోచన జరిగింది. 1980 ప్రాంతంలో అక్కడి ఆస్పత్రులకు నర్సుల కొరత వచ్చింది. ఉన్నవాళ్లూ ఉద్యోగం మానేస్తున్నారు. కానీ కొన్ని ఆస్పత్రుల్లో మాత్రం నర్సులు నిలిచి ఉన్నారు. కొత్తవాళ్లు కూడా అక్కడికే వస్తున్నారు. ఎందుకు? అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ అనే సంస్థ అలాంటి 41 ఆస్పత్రులను ఎంచుకుంది. అక్కడి నర్సులను అడిగి తెలుసుకుంది. ఆ సంగతులు 1983లో అచ్చయ్యాయి.

ఆ ఆస్పత్రులకు మాగ్నెట్ ఆస్పత్రులు అని పేరు వచ్చింది. మాగ్నెట్ అంటే సూదంటురాయి. సూదిని లాగి పట్టుకున్నట్టు నర్సులను పట్టుకునేవి అని అర్థం. అక్కడ ఏముంది? పని చెయ్యడానికి సరిపడా మనుషులున్నారు. పై అధికారి నర్సుల మాట వింటుంది. డాక్టర్లు మర్యాదగా మాట్లాడతారు. అన్నిటికన్నా గట్టి సంగతి ఇంకొకటి ఉంది. తమ పని గురించిన నిర్ణయాల్లో నర్సులకూ పాలు ఉంది.

ఈ పద్ధతినే ఇంగ్లీషులో షేర్డ్ గవర్నెన్స్ అంటారు. మన మాటలో ఉమ్మడి పాలన. టిమ్ పోర్టర్ ఓగ్రాడీ అనే ఆయన మరొకరితో కలిసి 1984లో దీని గురించి పుస్తకం రాశాడు. ఆయన కూడా నర్సే. మగవాళ్లూ ఈ పని చేస్తారు మరి.

ఉమ్మడి పాలన ఎట్లా నడుస్తుంది? ఒక్కో వార్డు నుంచి ఒక నర్సు వచ్చి కమిటీలో కూర్చుంటుంది. ఒక కమిటీ రోగికి సేవ ఎట్లా చెయ్యాలో చూస్తుంది. ఇంకొకటి పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయో చూస్తుంది. మరొకటి నర్సుల చదువు, శిక్షణ చూస్తుంది.

ఒక వార్డులో రోగులు రాత్రిపూట జారి పడుతున్నారు అనుకుందాం. పాత పద్ధతిలో అయితే పైనుంచి ఒక కాగితం వస్తుంది. "నర్సులు జాగ్రత్తగా ఉండాలి" అని దాంట్లో ఉంటుంది. అది చదివితే రోగి పడకుండా ఉంటాడా? కమిటీలో అయితే రాత్రి డ్యూటీ నర్సు నోరు విప్పుతుంది. "వాళ్లు పడేది బాత్‌రూముకు లేచినప్పుడు. పిలుపు గంట చేతికి అందడం లేదు. దారిలో లైటు లేదు" అని చెబుతుంది. అప్పుడు గంటను దిండు పక్కకు తెస్తారు. చిన్న లైటు పెడతారు. బాత్‌రూముకు వెళ్లాలా అని రాత్రి మధ్యమధ్యలో వెళ్లి అడుగుతారు. నెల తర్వాత ఎంతమంది పడ్డారో లెక్క చూస్తారు. తగ్గకపోతే మళ్లీ కూర్చుని ఇంకో దారి వెతుకుతారు.

అయితే కమిటీ ఒక్కటే అన్నీ చెయ్యలేదు. ఒక నర్సు ఎంతమందిని చూడాలి అన్నది పెద్ద ప్రశ్న. అక్కడ డబ్బు లెక్క వస్తుంది. లిండా ఐకెన్ అనే ఆమె కూడా నర్సే, పరిశోధన చేస్తుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆస్పత్రుల లెక్కలు తీసి 2002లో ప్రకటించింది. వాళ్లంతా ఆపరేషన్ అయిన రోగులు. ఒక నర్సు మీద ఒక్క రోగి ఎక్కువైతే, 30 రోజుల లోపల రోగి చనిపోయే ప్రమాదం 7 శాతం పెరుగుతోందని తేలింది. నర్సు సోమరి కాదు. ఆమెకు ఉన్నవి రెండు చేతులే.

కాలిఫోర్నియా రాష్ట్రంలో నర్సుల సంఘాలు దీనికోసం ఏళ్ల తరబడి పోరాడాయి. 1999లో చట్టం వచ్చింది. 2004లో అమలైంది. ఇప్పుడు అక్కడ మామూలు వార్డులో ఒక నర్సుకు అయిదుగురికి మించి రోగులను అప్పగించకూడదు.

కమిటీల్లోనూ ఉత్తుత్తివి ఉంటాయి. పొదుపు సంఘంలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. తీర్మానం ఇంటి దగ్గరే రాసుకొచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటే అది మీటింగు అవుతుందా? కొన్ని ఆస్పత్రుల్లో నర్సును కమిటీలో వేస్తారు. కానీ డ్యూటీలో ఆమె బదులు ఇంకొకరిని పెట్టరు. వార్డు వదిలి ఆమె ఎట్లా పోతుంది? డ్యూటీ దిగాక, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటే, జీతం లేకుండా మీటింగుకు కూర్చోవాలి. అలాంటి కమిటీ లేకపోయినా నష్టం లేదు.

1994లో సియాటిల్ నగరంలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మెడికల్ సెంటర్‌కు మొట్టమొదట మాగ్నెట్ గుర్తింపు ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఆస్పత్రులు ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాయి. దానికి రాతకోతలు చాలా ఉంటాయి. పరీక్ష చేసేవాళ్లు ఆ కాగితాలు చూసి ఊరుకోరు. వార్డులోకి వచ్చి, డ్యూటీలో ఉన్న నర్సులనే నేరుగా అడుగుతారు.