పిట్ట నమ్మాలంటే జర టైం పడ్తది

నాలుగు నెలల కింద మా ఇంటికి ఒక కాకటీల్ పిట్ట వచ్చింది. కొన్నది కాదు. పట్నంల ఉండే దోస్తు ఒకడు కొలువు మీద దుబాయ్ పోతూ, "అన్నా, దీన్ని అమ్మబుద్ధి అయితలేదు, నీ బిడ్డకు పిట్టలంటే పాణం గదా, తీస్కపో" అని పంజరంతో సహా నా చేతుల పెట్టిండు. మా ఊరి పోరగాళ్లు దాన్ని కాక్‌టైల్ అంటరు. ఆ మాట వేరే, ఈ పిట్ట వేరే. ఆస్ట్రేలియా దిక్కు జాతి. చిలుకలకు దగ్గరి సుట్టం. నెత్తి మీద కుచ్చు, చెంప మీద నారింజ రంగు బొట్టు.

"మీటింగులల్ల సంకెళ్లు తెంపాలె అంటవు, ఇంట్ల పంజరం పెట్టుకున్నవా" అని దోస్తులు ఎక్కిరించిన్రు. అడగాల్సిన ప్రశ్ననే. గని ఇది తరతరాలుగ పంజరాలల్ల పుట్టి పెరిగిన పిట్ట. దీన్ని మన గద్దల నడుమ, కాకుల నడుమ ఇడిస్తే మేత ఎతుక్కునుడు కూడ రాదు. ఇడుసుడు అంటే సంపుడే.

రామచిలుక సంగతి అట్ల కాదు. అది మన అడవిది, మన చేన్లది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుడు, అమ్ముడు, కొనుడు, ఇంట్ల సాదుడు అన్నీ నేరమే. ఆంధ్రప్రదేశ్ 2018ల దాన్ని రాష్ట్ర పక్షి చేసుకున్నది, అయినా రెండు రాష్ట్రాలల్ల సంతలకు పిల్లలను తెచ్చి అమ్ముతనే ఉన్నరు. నేను నీతులు చెప్పెటోన్ని కాదు. పదేండ్లప్పుడు తాడిచెట్టు తొర్రలకెల్లి ఒక పిల్లను తీసిన. ఎగిరిపోతదని కత్తెరతోని రెక్కలు కత్తిరించిన. ఒకనాడు పిల్లి వచ్చింది, అది ఎగరలేకపోయింది. ఇప్పటికే మీ ఇంట్ల రామచిలుక ఉంటే తొందరపడి బయటకు తోలకున్రి, అటవీశాఖోళ్లకు అప్పజెప్పున్రి. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి పరదేశపు చిలుకలు ఉన్నోళ్లయితే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌ల నమోదు చేయించాలె. కాకటీల్‌కు ఆ లెక్క లేదు.

ఇగ మా పిట్ట కాడికి వస్త. మొదటి రోజే తప్పు చేసినం. పంజరం తెచ్చి ఇంటి నడుమ పెట్టినం. వాడకట్టు పోరగాళ్లు పది మంది సుట్టు మూగిన్రు. ఒకడు ఈల ఏస్తడు, ఒకడు ఏలు పెడ్తడు. పిట్ట ఒక మూలకు అతుక్కొని, కుచ్చు బల్లెం లెక్క నిలబెట్టి, కదలకుంట మెదలకుంట కూసున్నది. "సూడు, ఎంత బుద్ధిగున్నదో" అన్నది మా అవ్వ. బుద్ధి కాదు, అది భయం. బాగ బెదిరిన పిట్ట అరవది, బొమ్మ లెక్క అయితది.

తెల్లారి సూస్తే గింజలు నిండుగనే ఉన్నట్టు కనబడ్డయి. నోటితోని ఊది సూడు అని దోస్తు ఫోన్ల చెప్పిండు. పిట్ట గింజను ఒలిచి తిని పొట్టు అందులనే ఇడుస్తది, పైకెల్లి సూస్తే గిన్నె నిండుగనే ఉంటది. ఊదిన, పొట్టు లేవలే. అంటే ఒక్క గింజ కూడ తినలే. చిన్న పిట్టకు ఒక రోజు మించి తిండి లేకపోతే పాణం మీదికొస్తది. పంజరాన్ని గోడ మూలకు జరిపి, రెండు దిక్కుల గోడ ఉండేటట్టు పెట్టినం, మూడో దిక్కు పాత చీర కప్పినం. ఎన్కకెల్లి ఎవ్వరూ రారు అని దానికి తెల్వాలె. తలుపు దగ్గరేసి అందరం బయట కూసున్నం. అర్ధగంటకు లోపటికెల్లి గింజలు పలిగిన చప్పుడు. నా బిడ్డ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

పిట్ట కండ్లు పక్కలకు ఉంటయి ఎందుకో ఎన్నడన్న సోంచాయించిన్రా? అది ఇంకొకరికి ఆహారమయ్యే జీవి. నలుదిక్కుల సూసుకుంటనే బతకాలె. పిల్లికి, గద్దకు, మనకు కండ్లు ముందటికి ఉంటయి. మనం ఎదురుంగ నిలబడి రెండు కండ్లతోని గుడ్లప్పగించి సూస్తే, వేటకు వచ్చిండు అనుకుంటది. పైకెల్లి చెయ్యి దించితే గద్ద దిగినట్టే. అందుకే పక్కకు తిరిగి, కింద కూసోని, దాన్ని సూడనట్టే పేపర్ సదువుకోవాలె. రోజూ అదే యాళ్లకు, పది పదిహేను నిమిషాలు.

నా కష్టం నా గొంతుతోని వచ్చింది. మైకు లేకుంట మాట్లాడిన అలవాటు, ఇంట్ల ముచ్చట చెప్పినా సభల చెప్పినట్టే ఉంటది. నేను నోరు తెరిస్తే పిట్ట పంజరంల గిరగిర తిరుగుతుండె. నలభై దాటినంక గొంతు తగ్గించుడు నేర్చుకున్న. నా ఇంటిదానికి మస్తు సంబురమైంది.

ఇంకొకటి, నా భుజం మీది తువ్వాల సూస్తే సాలు బుస కొట్టేది. అక్కడ గోర్లు తీయనీకె తువ్వాల ఏసి పట్టుకునేటోళ్లట. తువ్వాల బయట దండెం మీదేసి లోపటికి పోవుడు మొదలుపెట్టిన. ఇంకొకరింట్ల పెరిగిన పిట్ట ఉత్తగ రాదు, దాని ఎన్క ఒక కథ ఉంటది. తెచ్చుకునే ముందుగాల్నే అన్నీ అడిగి తెలుసుకున్రి.

దగ్గర చేసుకోనీకె మాకు అక్కరకొచ్చింది కొర్ర కంకి. పట్నం దుకాణాలల్ల 'స్ప్రే మిల్లెట్' అని ప్యాకెట్ల అమ్మేది ఎక్కువగ ఇదే, మన తాతలు పండించిన కొర్రలే. మందు కొట్టని కంకి దొరికిచ్చుకొని, ఊచల సందుల పొడుగు కాడ చూపిచ్చినం. వారానికి కాడ పొట్టిగైంది, ఏలు దగ్గరైంది. కుచ్చు ఎన్కకు పండబెట్టి బుస కొడ్తే ఆపి, చెయ్యి ఎన్కకు తీసినం. ఇది ముఖ్యం. అది 'వద్దు' అన్నప్పుడు మనం ఇంటున్నమని దానికి తెలిస్తే కరిచే పని పడదు. కుచ్చు సగం వాల్చి, ముక్కు పటపట నూరుకుంటుంటే నిమ్మలంగ ఉన్నట్టు.

ఇదంతా తెలిసి కూడ నేనే చెడగొట్టిన. పన్నెండో రోజు సుట్టాలొచ్చిన్రు. ఫోన్ తీసిన్రు. మా పిట్ట చేతి మీద కూసుంటదని గొప్పలు చెప్పి, పంజరంల చెయ్యి పెట్టి పట్టుకున్న. ఏలు రక్తమొచ్చేటట్టు కరిచింది. ఏలు రెండు రోజులల్ల మానింది. మల్ల నా చేతిలకెల్లి కంకి తిననీకె మాత్రం మూడు వారాలు పట్టింది. మొదటి రోజే పిట్ట భుజమెక్కిందని రీల్స్ సూపెట్టెటోళ్లను నమ్మకున్రి, తమ్ముళ్లారా. కొన్ని పిట్టలు భయంతోని బిర్రబిగుసుకొని ఉంటయి, మనకు ప్రేమ లెక్క కనబడ్తది.

ఇల్లు కూడ సదురుకోవాలె. పంజరం వంటింట్ల వద్దు: నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్టను నిమిషాలల్ల సంపుతది. దోమల బిళ్ల, ఊదుబత్తి పొగ కూడ దాని కాడ వద్దు. బయటకు ఇడిసే ముందు పైన పంఖ బందు చెయ్యాలె. చాక్లెట్, అవకాడో, ఉప్పు తిండి పెట్టొద్దు. పొద్దుతిరుగుడు గింజలే పెడ్తే కొవ్వు పడ్తది, ఆకుకూర, క్యారెట్ తురుము అలవాటు చెయ్యాలె. ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి జామ కొమ్మలు లావు, సన్నం కలిపి కట్టినం, కాళ్లకు మంచిది. రాత్రి చీకట్ల ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకునే గుణం కాకటీల్‌కు ఉంటది. మా కాడ రెండుసార్లు అయింది. అప్పటిసంది చిన్న బల్బు ఏస్తున్నం.

గిప్పుడు నా బిడ్డ భుజం మీద కూసోని అది హోంవర్క్ కాయితాలు కొరుకుతున్నది. నా కాడికి ఇంకా పూర్తిగ రాలే. కంకి తింటది, రెండు అడుగులు ఎన్కకేస్తది. గని పొద్దూకి నా బండి చప్పుడు ఇనబడంగనే లోపటికెల్లి ఈల ఏస్తది. నేను తువ్వాల దండెం మీదేసి లోపటికి పోత.