మీకు తెలుసా? కూజా మొక్కకు ఎరువే శత్రువు

నెపెంథిస్ అనే కూజా మొక్కకు ఉండే కూజా పువ్వు కాదు, ఆకే. ఆకు కొస తీగలా సాగి, చివర ఉబ్బి, మూత విచ్చుకుంటుంది. బోర్నియోలోని కినబాలు పర్వతంపై పెరిగే రాజా జాతి కూజాలో 2 లీటర్లకు పైగా ద్రవం పడుతుంది! ఉడతను పోలిన ట్రీష్రూ దాని అంచున కూర్చుని, మూత కిందున్న తేనె నాకుతూ లోపలికే పెంటికలు వేస్తుంది. మొక్కకు కావలసిన నత్రజని ఆ పెంటికల్లో ఉంది.

ఇంట్లో రాజాను పెంచాలంటే రాత్రిళ్లు చలి కల్పించాలి, అది అందరివల్లా కాదు. కొత్తవారికి మేఘాలయ కొండల ఖాసియానా మేలు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే. అడవిలో అంతరించిపోతోంది కాబట్టి నర్సరీలో పెంచిన మొక్కనే కొనాలి. వాననీళ్లు, స్ఫాగ్నం నాచు, పలచని ఎండ చాలు. కుండీలో ఎరువు వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. గాలి పొడిబారితే ఆకులొస్తాయి గానీ కూజాలు రావు.