ఒక్క బరువుకు నలుగురు ప్రపంచ చాంపియన్లా? ఈ బెల్టుల లెక్క ఏంది?

మా ఖానాపురం హవేలి దిక్కు పొద్దుగాల రన్నింగ్‌కు వచ్చే తమ్ముళ్లు నన్ను తరచుగా అడిగే మాట ఒకటున్నది. "అన్నా, ఒక వీడియోల ఒకడు హెవీవెయిట్ వరల్డ్ చాంపియన్ అంటడు. ఇంకో వీడియోల ఇంకొకడు కూడా అదే అంటడు. అసలోడు ఎవడు?"

ఇద్దరూ అబద్ధం చెప్తలేరు. చిక్కంతా అక్కడ్నే ఉన్నది.

క్రికెట్‌ల చూడున్రి. వన్డే, టీ20, టెస్టు అని మూడు రకాల పోటీలున్నా, మూడిట్ల ప్రపంచ విజేత ఎవరో చెప్పేది ఒక్క ఐసీసీనే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు అసొంటి ఒక్క పెద్ద ఇల్లు లేదు. నాలుగు ఇండ్లున్నయి. అన్నిట్ల పాతది డబ్ల్యూబీఏ. 1921లో అమెరికాల వేరే పేరుతోని పుట్టి, 1962లో ఈ పేరు పెట్టుకున్నది. 1963లో డబ్ల్యూబీసీ వచ్చింది. 1983లో ఐబీఎఫ్, 1988లో డబ్ల్యూబీవో. ఈ చివరి రెండూ డబ్ల్యూబీఏతోని పడక బయటికొచ్చినోళ్లు పెట్టుకున్నయే.

వినాయక చవితికి మన వాడల్ల జరిగేది యాది చేసుకోన్రి. ముందు ఒక్కటే యూత్ ఉంటది, ఒక్కటే మండపం. చందాల కాడనో, పెత్తనం కాడనో మాట తేడా వస్తది. మరుసటేడు అదే వాడల రెండో మండపం లేస్తది. లడ్డూ వేలం రెండు కాడలా జరుగుతది. అసలు లడ్డూ ఏదంటే ఎవరేం చెప్తరు? బాక్సింగ్ బెల్టుల కథ కూడా గంతే.

మరి నలుగురు కూసొని ఒక్కటి కావొచ్చు కదా? కారు. ఎందుకంటే బెల్టు అంటే పైసలు. టైటిల్ ఫైట్ జరిగిన ప్రతిసారి బాక్సర్‌కు వచ్చే సొమ్ముల నుంచి ఆ సంస్థ ఫీజు తీసుకుంటది, మామూలుగా మూడు శాతం చుట్టుపక్కల. పెద్ద హెవీవెయిట్ ఫైట్లల్ల కోట్ల డాలర్లు తిరుగుతయి, ఇగ మూడు శాతం అంటే ఎంతో మీరే లెక్కేసుకోన్రి. బెల్టులు ఎక్కువైతే టైటిల్ ఫైట్లు ఎక్కువ, ఫైట్లు ఎక్కువైతే ఫీజులు ఎక్కువ. ప్రమోటర్లకు, టీవీలోళ్లకు కూడా పోస్టర్ మీద "ప్రపంచ టైటిల్" అని రాసుకునుడే కావాలె.

ఇంకో మెలిక ఉన్నది. ప్రతి సంస్థకు సొంత ర్యాంకుల పట్టీ ఉంటది. ఆ పట్టీల ముందున్నోనితోని చాంపియన్ ఫలానా గడువులోపల కొట్లాడాలె. లేకుంటే బెల్టు గుంజుకుంటరు. నాలుగు బెల్టులున్న మనిషిని నలుగురూ నాలుగు దిక్కులకు గుంజితే ఎవరి మాట వింటడు?

1978లో గిదే అయింది. లియోన్ స్పింక్స్ ఫిబ్రవరిలో మహమ్మద్ అలీని ఓడగొట్టిండు. డబ్ల్యూబీసీ ఏమో కెన్ నార్టన్‌తోని కొట్లాడమన్నది. స్పింక్స్ అలీతోనే మళ్ల ఆడుతనన్నడు. డబ్ల్యూబీసీ బెల్టు గుంజుకొని నార్టన్‌కు ఇచ్చేసింది. నార్టన్ టైటిల్ ఫైట్ ఒక్కటి కూడా గెలువకుండనే ప్రపంచ చాంపియన్ అయిండు. 1992లో రిడిక్ బో అయితే లెనాక్స్ లూయిస్‌తోని ఆడుమన్న ఆ బెల్టును లండన్‌ల కెమెరాల ముందటనే చెత్తడబ్బల ఏసిండు.

ఇయ్యాల్టి సంగతి ఇంకా విచిత్రం. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెగ్జాండర్ ఉసిక్ 2023 ఆగస్టులో డేనియల్ డుబోయ్‌ను నాకౌట్ చేసిండు. 2024 మేలో రియాద్‌ల టైసన్ ఫ్యూరీని ఓడగొట్టి, హెవీవెయిట్‌ల నాలుగు బెల్టులూ ఒక్క నడుముకు కట్టిన మొదటి మనిషి అయిండు. నెల దాటి కొన్ని రోజులైందో లేదో, ఐబీఎఫ్ బెల్టు విడిచిపెట్టాల్సొచ్చింది. ఫ్యూరీతోని రెండోసారి ఆడేటందుకు ఒప్పందమైంది, ఐబీఎఫ్ గడువు ఆగలేదు. ఆ బెల్టు ఎవరికి పోయింది? ఉసిక్ చేతిల నాకౌట్ అయిన డుబోయ్‌కే. 2025 జులైలో ఉసిక్ ఆయన్ని మళ్ల ఐదో రౌండ్ల పడగొట్టి బెల్టు వాపస్ తెచ్చుకున్నడు. అదే ఏడు నవంబరులో డబ్ల్యూబీవో బెల్టు విడిచిపెడితే, అది ఉసిక్‌తోని రింగుల దిగని ఫాబియో వార్డ్లీకి పోయింది.

అంటే బెల్టు ఎవరి నడుముకున్నదో చూస్తే సరిపోదు. ఆ బెల్టు ఎవరిని ఓడగొట్టి వచ్చిందో చూడాలె.

వీటి లోపల ఇంకా చిన్న చిన్న బెల్టులున్నయి. "సూపర్" అంటరు, "రెగ్యులర్" అంటరు, "ఇంటెరిమ్" అంటరు. ఒక్క సంస్థల్నే ఒక్క బరువుకు ఇద్దరు చాంపియన్లు ఉన్న రోజులున్నయి. ఇగ ఖండాలకు, ప్రాంతాలకు వేరే టైటిళ్లు. 2016 జులైలో ఢిల్లీల మన విజేందర్ సింగ్ గెలిచింది డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ టైటిల్. మంచి గెలుపే, దాన్ని తక్కువ చెయ్యొద్దు. కాని అది ప్రపంచ టైటిల్ కాదు. వాట్సాప్‌ల తిరిగేటప్పుడు ఈ తేడా కొట్టుకపోతది.

ఇదంతా డాలర్ల ఆట, మనకేంది అనుకోకున్రి. ఈ చీలిక మన నిజామాబాద్ గడప దాకా వచ్చింది.

నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌ల 52 కిలోల విభాగంల, 2023 మార్చిలో ఢిల్లీల 50 కిలోల విభాగంల ప్రపంచ చాంపియన్ అయింది. అప్పుడు ఆ పోటీలు పెట్టింది ఐబీఏ. ఒలింపిక్స్‌కు సంబంధించిన అమెచ్యూర్ బాక్సింగ్‌ల చాన ఏండ్లు ఒక్కటే ఇల్లుండె, అది ఇదే. కాని పైసల లెక్కల మీద, రెఫరీలు జడ్జీల తీరు మీద అనుమానాలొచ్చి ఒలింపిక్ కమిటీ 2019లో దాని గుర్తింపును ఆపింది. 2023 జూన్‌ల మొత్తానికే తీసేసింది. అంతకు రెండు నెలల ముందే వరల్డ్ బాక్సింగ్ అని కొత్త సంస్థ పుట్టింది. 2024లో మన బాక్సింగ్ ఫెడరేషన్ దాంట్ల చేరింది. 2025 ఫిబ్రవరిలో ఒలింపిక్ కమిటీ దానికి తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది.

ఫలితం ఏంది? 2025 మార్చిలో ఐబీఏ సెర్బియాల మహిళల ప్రపంచ పోటీలు పెట్టింది. సెప్టెంబరుల వరల్డ్ బాక్సింగ్ లివర్‌పూల్‌ల తన ప్రపంచ పోటీలు పెట్టింది. ఒక్క ఏడుల రెండు మండపాలు! లివర్‌పూల్‌ల జాస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా బంగారం తెచ్చిన్రు. నిఖత్ క్వార్టర్ ఫైనల్ల టర్కీ అమ్మాయి చేతిల ఓడింది.

మరి నిఖత్ ముందటి రెండు టైటిళ్లకు విలువ లేనట్టా? నేనైతే ఒప్పుకోను. రష్యా బాక్సర్లను జెండాతోని ఆడనిచ్చిన్రని అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లాంటి దేశాలు 2023 పోటీలకు రాలేదు, అది నిజమే. కాని ఆఫీసులల్ల పెద్దోళ్ల పంచాయితీకి ఆ పిల్ల ఏం చేస్తది? ఎదురుగా నిలబడ్డోళ్లందరిని కొట్టింది. ఆమె గెలిచిన రోజుల మన దేశం గుర్తించిన ప్రపంచ పోటీ అదే. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2022లో 2 కోట్ల రూపాయలు ప్రకటించింది, 2024లో డీఎస్పీ ఉద్యోగమిచ్చింది.

మన ఊరి పిల్లలకు అసలు సంగతి ఇక్కడ ఉన్నది. నిఖత్ కాగితానికి విలువ వచ్చింది ఆమె పంచ్‌తోని, దాని వెనక ఉన్న గుర్తింపుతోని. పంచ్ ఉండి గుర్తింపు లేకుంటే? నాకు తెలిసిన ఒక తమ్ముడు ఉన్నడు, కూలి చేసుకునే ఇంటి పిలగాడు. "ఇంటర్నేషనల్ చాంపియన్‌షిప్" అని ఎవరో చెప్తే అప్పు తెచ్చి ఎంట్రీ ఫీజు, చార్జీలు కట్టిండు. మెడల్ తెచ్చిండు, ఊర్ల ఫ్లెక్సీ కూడా కట్టిన్రు. స్పోర్ట్స్ కోటాల సర్టిఫికెట్ పెడితే ఆ సంఘానికి గుర్తింపు లేదని పక్కకు పెట్టిన్రు. చెమట నిజమే, కాగితమే పనికి రాలేదు.

కబడ్డీ అయినా, కరాటే అయినా, బాక్సింగ్ అయినా, పైసలు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడుగున్రి. ఈ పోటీ పెట్టేది ఎవరు, వాళ్లను మన దేశ క్రీడా శాఖ గుర్తించిందా? ఇక్కడికొచ్చే ముందు జిల్లా, రాష్ట్ర స్థాయి సెలెక్షన్లు జరిగినయా, లేక ఫీజు కట్టినోళ్లంతా ఇండియా టీమేనా? నా బరువుల, నా వయసుల ఎన్ని దేశాలోళ్లు, ఎంతమంది వస్తున్నరు? జవాబు కోసం ఆ పోటీ పెట్టినోళ్లనే నమ్ముకోవద్దు. జిల్లా క్రీడల ఆఫీసుకు పోయి అడుగున్రి. అడుగుడుకు రూపాయి ఖర్చు లేదు.

ఉసిక్‌కు ఒక బెల్టు పోతే ఇంకో ఫైట్ల గెలుచుకుంటడు. కూలి పైసలతోని ఫీజు కట్టిన పిలగానికి పోయిన ఏడు మళ్ల రాదు, పోయిన వయసు మళ్ల రాదు. అందుకే "ప్రపంచ చాంపియన్" అన్న మాట కనపడంగనే చప్పట్లు కొట్టేకంటే ముందు, అది ఏ ఇంటి కప్పో అడుగుడు నేర్చుకోవాలె.