కిరణచికిత్స పొందిన దవడ



ఈ పత్రికయందు మేము సాధారణముగా విత్తనములు, ఎరువులు, చీడపురుగులు మొదలగువానిని గూర్చి వ్రాయుచుందుము. ఈ మాసమున దవడ ఎముకను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. గడచిన సంవత్సరమున మా పరిధిలోని ఒక వృద్ధ సభ్యుడు పడిన కష్టమును కన్నులార చూచితిమి. ఒక్క మాట ముందుగా తెలిసియుండిన ఆ కష్టము చాలవరకు తప్పియుండెడిది. కావున వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. వైద్యుల నడిగి తెలిసికొన్నదే ఇందు చెప్పుచున్నాము.

ఆ సభ్యుడు చిన్ననాటినుండియు పొగాకు ముక్కను ఎడమ బుగ్గలో నుంచుకొను అలవాటు గలవాడు. బుగ్గ లోపల మానని పుండు పుట్టగా, పట్టణపు ఆసుపత్రిలో దానిని క్యాన్సరుగా తేల్చి, కోసి తీసివేసి, పిదప ఆరు వారములు కిరణచికిత్స చేసిరి. మన పల్లెలలో దీనినే ‘కరెంటు పెట్టుట’ యందురు. వ్యాధి నయమయ్యెను. మూడేండ్లు పొలము పనులు చక్కగా చూచుకొనెను. అంతట క్రింది దవడపన్ను కదలి సలుపు పెట్టగా, సంతకు పోయిన దినమున అచ్చటి పండ్లవైద్యునిచేత దానిని ఊడబెరికించుకొనెను. కరెంటు సంగతి ఆయన చెప్పలేదు, వైద్యుడును అడుగలేదు. కొలది వారములలో పూడవలసిన గుంట మూడు నెలలైనను పూడలేదు. అందు పసుపువన్నె గల గరుకు ఎముక బయటపడెను. గడ్డము క్రింద చిన్న రంధ్రము పడి చీము కారసాగెను. వాసన వచ్చుచున్నదని తానే సిగ్గుపడి పంక్తిలో కూర్చుండి భుజించుట మానెను. రాచపుండు తిరుగబెట్టినదని ఇంటివారు ఏడ్చిరి. ఆ మాట వైద్యుని నోట వినుటకు జంకియే ఆయన మరి రెండు నెలలు ఆసుపత్రి గడప త్రొక్కలేదు. తుదకు పోగా, వారు ముక్క తీసి పరీక్షించి, ఇది క్యాన్సరు కాదు, కిరణములు తగిలిన ఎముక చచ్చుట యని చెప్పిరి. దీనికి వైద్యులు ఆస్టియోరేడియోనెక్రోసిస్ అని పేరు పెట్టియున్నారు. దవడకు కలుగు ఈ హానిని 1922 లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు రెగో వర్ణించెను.

ఇది ఎట్లు కలుగునో రైతునకు చెప్పుట సులభము. కిరణములు రోగకణములను చంపునప్పుడు, ఆ దారిలోనున్న ఎముకలోని సన్నని రక్తనాళములును క్రమముగా మూసికొని పోవును. మడి చూపునకు మడివలెనే యుండును. కాని దానికి నీరు తెచ్చు బోదె పూడిపోయినది. నాటిన పైరు కదపనంతవరకు ఎట్లో నిలుచును. ఒకచోట గునపము దింపితిమా, ఆ గాయము మానుటకు కావలసిన నీరు లేదు. క్రింది దవడకే ఈ ముప్పు హెచ్చు. ఏలయన పై దవడకు పలువైపులనుండి రక్తము వచ్చును. క్రింది దవడ గట్టి ఎముక, దానికి ముఖ్యముగా లోపలినుండి పారు ఒక్క నాళమే ఆధారము. పలు కాలువల క్రింది భూమికిని, ఒక్క తూము క్రింది భూమికిని గల భేదమిది. గ్రే అను కొలతచొప్పున 60 గాని అంతకు మించి గాని కిరణములు సోకిన దవడకు భయము ఎక్కువ. అందరికిని ఇది రాదు. నూటికి కొలదిమందికే వచ్చును. అయితే వచ్చు అవకాశము మాత్రము బ్రతికినంతకాలము తొలగిపోదు. మూడేండ్లు గడచినవి గదా యని మన సభ్యుడు అనుకొనినది పొరపాటు.

చాలకాలము వైద్యులును దీనిని సూక్ష్మక్రిములు చేరుటవలన కలుగు వ్యాధిగానే తలచిరి. 1983 లో అమెరికా వైద్యుడు మార్క్స్ అట్లు కాదనెను. ప్రాణవాయువు చాలక, రక్తనాళములు చాలక, జీవకణములు చాలక ఎముక చచ్చుచున్నదనియు, క్రిములు పిమ్మట వచ్చి చేరునవి మాత్రమే యనియు ఆయన వాదము. నీరందక వాడిన మొక్కకు పురుగు పట్టగా, పురుగునే నిందించి మందు చల్లువారిని మేము ఇరువదియేండ్లుగా చూచుచున్నాము. చీము పట్టినప్పుడు క్రిమినాశక ఔషధములు అవసరమే. వానితోనే ఎముక బ్రతుకుననుకొనరాదు.

ఇక జాగ్రత్తలు. కిరణచికిత్సకు ముందుగానే పండ్లను చూపించుకొనవలెను. నిలువని పండ్లను అప్పుడే తీసివేసి, గాయము మానుటకు రెండు మూడు వారములు గడువిచ్చి, పిదప కిరణములు ప్రారంభింతురు. ‘రోగము బుగ్గకైతే పండ్లు ఊడబెరుకుట యెందుకు’ అని ఆసుపత్రినుండి లేచి వచ్చినవారిని ఎరుగుదుము. వారు బాగుగా ఆలోచించినవారు కారు.

చికిత్స అయినపిమ్మట పన్ను కదలినను, పుచ్చినను, సంతలో గాని మరియెచ్చట గాని వెంటనే తీయించుకొనరాదు. కరెంటు పెట్టిన వైద్యులకు మొదట తెలుపవలెను. తీయకుండ వేరు శుభ్రపరచి పన్నును నిలుపు ఉపాయములు కలవు. తీయక తప్పనిచో అనుభవము గలవారు మెల్లగా, ఎముకకు దెబ్బ తగులకుండ తీయుదురు. ఏ వైపున ఎంత కిరణము ఇచ్చిరో తెలుపు ఆసుపత్రి కాగితమును పట్టాదారు పాసుపుస్తకముతో బాటు భద్రపరచుకొనుడు. ఇంటిలో మరియొకరికి ఆ సంగతి తెలిసియుండవలెను.

కిరణములవలన లాలాజలము తగ్గి నోరు ఎండిపోవును. లాలాజలము లేని నోట పండ్లు శీఘ్రముగా పుచ్చును. పుచ్చిన పన్నే పిదప ఆపదకు మూలమగును. కావున తియ్యని పానకములు దినమంతయు గుక్కగుక్కగా త్రాగుచుండుట మంచిది కాదు, మంచినీరే మేలు. వేపపుల్ల నమలి తోముకొనుటవలన చిగురు చీరుకొనును. మెత్తని కుంచె వాడవలెను. తుమ్మముల్లుతో పండ్లసందులు కెలుకుట మన రైతులకు మిక్కిలి ప్రీతికరమైన పని. ఈ రోగికి అది పూర్తిగా నిషిద్ధము. ఒక లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా తినే సోడా కలిపి దినమునకు పలుమార్లు పుక్కిలింపవలెను. ఒరయుచున్న కట్టుడుపండ్లను సరిచేయించువరకు పెట్టుకొనరాదు. పండ్లకు ప్రతిదినము ఫ్లోరైడు లేపనము పెట్టుకొమ్మని వైద్యులు చెప్పుదురు. నల్లగొండ, ప్రకాశము జిల్లాల వారికి ఆ పేరు వినగానే వంగిన కాళ్లు జ్ఞప్తికి వచ్చును; అది సహజమే. కాని ఆ చేటు యేండ్లతరబడి త్రాగిన నీటివలన కలిగినది. ఇది పండ్లకు పూసి ఉమ్మివేయునది, మ్రింగునది కాదు.

పొగాకు, చుట్ట, గుట్కా, సారాయి మానవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. పొగాకు నారుమళ్లు ఎట్లు పెంచవలెనో మేమే ఊరూర చెప్పి తిరిగినవారము. కావున ఈ మాట వ్రాయునప్పుడు మాకు కొంత సంకోచము కలుగుచున్నది, అయినను వ్రాయుచున్నాము.

ఎముక బయటపడినవారికి చికిత్స లేదని అధైర్యపడరాదు. కొంచెముగా నున్నప్పుడు, కదలుచున్న చచ్చిన తునకను మెల్లగా తీసి, నోటిని శుభ్రముగా నుంచి, మందులిచ్చి కనిపెట్టియుందురు. పెంటాక్సిఫిల్లిన్ అను రక్తప్రసరణపు మాత్రను, విటమిను ఇ తో కలిపి నెలలతరబడి ఇచ్చుటయు కలదు. కొందరికి గుణము కనబడినది. వైద్యుడు చెప్పక దానిని కొని మ్రింగరాదు, రక్తస్రావపు భయము కలదు.

ధనవిషయమున ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఒత్తిడి హెచ్చించిన గదిలో రోగిని కూర్చుండబెట్టి ప్రాణవాయువు పీల్పించు చికిత్స యొకటి గలదు. 1985 లో మార్క్స్ ప్రకటించిన పరిశోధనలో, పన్ను తీయుటకు ముందు వెనుకల ఇట్లు చేసిన 37 మందిలో ఇద్దరికి మాత్రమే దవడ చెడినది. పెన్సిలిన్ మాత్రమే పొందిన 37 మందిలో 11 మందికి చెడినది. అందువలన దీనికి గొప్ప పేరు వచ్చెను. కాని 2019 లో వెలువడిన హోపాన్ అను బ్రిటిషు పరిశోధనలో, ప్రాణవాయువు పొందినవారికిని పొందనివారికిని భేదము కానరాలేదు. ఇరుపక్షములందును నూటికి ఆరుగురికి మాత్రమే వ్యాధి వచ్చెను. మన సభ్యుని కుమారుడు ఎవరో చెప్పగా విని, ఎకరము మెట్ట అమ్మి తండ్రిని దూరపట్టణమునకు ఈ చికిత్సకై తీసికొని పోవ సిద్ధపడెను. మేము ఆపలేదు, దస్తావేజు వ్రాయుటకు ముందు శస్త్రవైద్యుని ఒక్క ప్రశ్న అడిగి రమ్మంటిమి: ‘ఇది లేకుండ మా నాయనకు ఏమగును?’ అతడు అడిగి వచ్చెను. మెట్ట ఇంకను వారిదే.

దవడ విరుగునంతగా చెడినప్పుడు, ఆ భాగమును తీసివేసి, మోకాలి క్రిందనున్న రెండు ఎముకలలో సన్ననిదానినుండి తగినంత ముక్కను దాని రక్తనాళముతో సహా తెచ్చి, మెడలోని నాళములకు అతుకుదురు. 1989 లో అమెరికాలో హిడాల్గో అను వైద్యుడు దవడకై ఈ పద్ధతిని ప్రకటించెను. తల్లివేరు చుట్టునున్న మట్టిగడ్డతో సహా మొక్కను తవ్వి వేరొక చోట నాటుట వంటిదే ఇది. క్రొత్త ఎముక తన నీటిని తానే తెచ్చుకొనును. కాలు పోవునని భయపడనక్కరలేదు. శరీరభారమును మోయునది రెండవ ఎముక.

మన సభ్యునికి అంతవరకు రాలేదు. గోరంత ఎముక తునక తీసిరి, మందులిచ్చిరి, రంధ్రము ఎనిమిది నెలలకు మూసికొనెను. ఆ ఎనిమిది నెలలు ఆయనను నిలిపినది కోడలు. కారము తగిలిన నోరు మండునని, ఆయనకై వేరుగా రాగిజావ, మెత్తగా మెదిపిన పెసరపప్పన్నము, పాలలో గిలకొట్టిన గ్రుడ్డు, మజ్జిగలో నానిన ఇడ్డెన చేసి పెట్టెను. వేరుగా వండుట సరే, వేరుగా కూర్చుండబెట్టుట మాత్రము ఆమె ఒప్పుకొనలేదు. పుక్కిలించి రండి మామయ్యా, అందరము కలిసి తిందము అని విస్తరి వేసెడిది. మొదటి దినములలో ఆయన తల యెత్తలేదట.

దవడ బిగిసి నోరు తెరువరాకుండుట మరియొక బాధ. పుండు మానినపిమ్మట వైద్యుడు ఐస్‌క్రీము పుల్లలను ఒకదానిపై నొకటి పేర్చి పండ్ల నడుమ నుంచి, బలవంతపెట్టక, కొన్ని దినములకొక పుల్ల చొప్పున హెచ్చించుమని నేర్పెను. ఎముక పెళుసుబారినవారు అడుగక దీనిని చేయరాదు. కోడలు పుల్లలను కడిగి ఎండబెట్టి, విత్తనపు పొట్లము వలె కట్టి దూలమునకు దోపి యుంచినది. క్రిందటి నెల మేము విత్తనముల సంగతి చెప్పుటకు పోయినప్పుడు ఆయన ముందుగా ఆ కట్టనే దింపెను. తొమ్మిదింటితో మొదలు పెట్టెనట. మా యెదుట పదునాలుగు పట్టించి, మాటలాడ వీలులేక, వ్రేళ్లతో లెక్క చూపెను.